స్పోర్ట్ క్వాడా, ఫోర్ వీల్ డ్రైవ్ ఏటీవీనా? నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

రొయ్యల గుంటలు ఉన్నవాళ్లు, పొదలకూరు వైపు నిమ్మతోటల వాళ్లు, సముద్రం పక్కన సెలవు రోజుల వ్యాపారం పెట్టాలనుకునే కుర్రాళ్లు ఎక్కువగా అడిగేవి ఇక్కడ ఉన్నాయి. ఏటీవీ అంటే రోడ్డు లేని నేల మీద తిరిగే, హ్యాండిల్ బార్ ఉన్న నాలుగు చక్రాల బండి. స్పోర్ట్ క్వాడ్ అందులోనే సరదాకి, వేగానికి చేసిన రకం. కొన్నింటికి జవాబు పొడుగ్గా ఉంటుంది, కొన్నింటికి ఒక్క మాట చాలు.

రెండింటికీ నాలుగు చక్రాలే, రెండింటికీ హ్యాండిల్ బారే. అసలు తేడా ఎక్కడుంది?

ఇంజిన్ బలం ఏ చక్రాలకు వెళ్తుంది, ఎలా వెళ్తుంది అన్న దగ్గర ఉంది. స్పోర్ట్ క్వాడ్‌లో వెనక రెండు చక్రాలకే వెళ్తుంది, అదీ బైక్‌లో లాగా చైన్ మీద. క్లచ్ చేతికి, గేర్లు కాలికి. వెనక యాక్సిల్ ఒకే కడ్డీ కాబట్టి రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి కదా, ఈ బండిలో ఆ వీలు లేదు. ఏదో ఒకటి జారాల్సిందే. అందుకే దీన్ని నడిపేవాళ్లు సీటుకు అతుక్కుని కూర్చోరు, ఒళ్లంతా మలుపు వైపు వంచుతారు. ఆ జారుడే దానిలో మజా.

పనికి వాడే ఫోర్ వీల్ డ్రైవ్ ఏటీవీ వేరే రకం. నాలుగు చక్రాలకూ బలం వెళ్తుంది. చాలా మోడళ్లలో మీట నొక్కితే ముందు చక్రాలు కలుస్తాయి, అవసరం లేనప్పుడు వెనక చక్రాలతోనే నడపొచ్చు. క్లచ్ ఉండదు, స్కూటర్‌లో లాగా బెల్ట్ ఉంటుంది. దానికి తోడు బరువు లాగడానికి లో గేరు. ముందూ వెనకా సామాను పెట్టుకునే ర్యాక్‌లు, వెనక ట్రాలీ కొక్కెం.

అంకెల్లో చూస్తే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. స్పోర్ట్ క్వాడ్‌లలో యమహా వైఎఫ్‌జెడ్ 450ఆర్ బరువు 184 కిలోలు, రాప్టర్ 700ఆర్ 190 కిలోల దగ్గర. పని ఏటీవీ పోలారిస్ స్పోర్ట్స్‌మన్ 570 అయితే 320 కిలోల పైమాటే. రాప్టర్ అడుగున నేలకు నాలుగున్నర అంగుళాల ఎడం కూడా ఉండదు, స్పోర్ట్స్‌మన్ కింద 11 అంగుళాలు ఉంటుంది. మన డొంకల్లో ట్రాక్టర్ గాడి మధ్యలో నిలబడే మిట్ట ఎంత ఎత్తుంటుందో మీకు తెలుసు. చాలామందికి ఈ ఒక్క లెక్కతోనే తేలిపోతుంది.

సీసీ ఎక్కువ ఉన్నదే తీసుకుంటే రెండు పనులకూ సరిపోదా?

సరిపోదు. యమహా రాప్టర్ 700, అదే కంపెనీ గ్రిజ్లీ 700 రెండింటిలోనూ 686 సీసీ సింగిల్ సిలిండర్ ఇంజిన్లే. మొదటిది స్పోర్ట్ క్వాడ్, రెండోది పని బండి. సీసీ ఒకటే అయినా రాప్టర్‌తో నాలుగు మేత బస్తాలు మోయలేరు, గ్రిజ్లీతో రాప్టర్‌లా గాల్లోకి లేవలేరు. బండి ఎంత దూకుడుగా పోతుందో కాదు, బలాన్ని ఏ పనికి మలిచారో చూడండి.

మాకు రొయ్యల గుంటలున్నాయి. రోజూ గట్ల మీద తిరగాలి, మేత మోయాలి. ఏది తీసుకోమంటారు?

ఈ పనికి ఫోర్ వీల్ డ్రైవే. ఇందులో రెండో మాట లేదు. కానీ ముందు మీ గట్టు కొలవండి. రెండు రకాల బండ్లూ ఇంచుమించు నాలుగడుగుల వెడల్పు ఉంటాయి. గట్టు పైభాగం కనీసం ఆరడుగులు, అదీ గట్టి మట్టితో ఉండాలన్నది నా లెక్క. అల్లూరు, విడవలూరు వైపు పాత గుంటల గట్లు కొన్ని అరిగిపోయి మూడు, నాలుగడుగులే మిగిలాయి. అలాంటి చోట ఏ ఏటీవీ వద్దు, మోపెడే మేలు. గుంటలో పడితే 320 కిలోల బండి మీద పడుతుంది. అడుగున బురద, పైన నీళ్లు, లేవడానికి ఊతం ఉండదు. ఏరేటర్ల కరెంటు తీగలు గట్టు పక్కనే పోతుంటాయన్నది కూడా మరిచిపోవద్దు.

బరువు సంగతి. స్పోర్ట్స్‌మన్ 570 ముందు ర్యాక్ 40 కిలోలు, వెనక ర్యాక్ 80 కిలోలు మోస్తుంది. పాతిక కిలోల మేత బస్తా లెక్కన ముందు ఒకటి, వెనక మూడు. అంతే. ముందు రెండేస్తే హ్యాండిల్ బరువెక్కుతుంది, వెనక ఐదేస్తే గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తేలిపోతాయి. అంతకంటే ఎక్కువ మోయాలంటే చిన్న ట్రాలీ కట్టుకోండి. ట్రాలీ మీద ఐదు వందల కిలోల దాకా లాగుతుంది, కానీ అది చదునైన నేల మీద, నింపాదిగా పోతున్నప్పటి మాట. గట్టు దిగుడులో బరువు ట్రాలీ వెనక నుంచి తోస్తుంటే మీ బ్రేకులు చాలవు. లో గేరులో పెట్టి దిగాలి.

ఇక గుంటల దగ్గర స్పోర్ట్ క్వాడ్ అంటారా? ర్యాక్ లేదు, నిదానంగా పోతే క్లచ్ కాలుతుంది, గట్టు చివర వెనక్కి తిప్పుదామంటే వైఎఫ్‌జెడ్ 450ఆర్ లాంటి వాటికి రివర్స్ గేరే ఉండదు. దిగి, వెనక పట్టీ పట్టుకుని ఎత్తి తిప్పుకోవాలి. తెల్లవారుజామున మేత వేసే మనిషితో రోజూ ఆ పని చేయించగలరా?

నల్లరేగడిలో వానాకాలం ఫోర్ వీల్ వేస్తే పోతుందా?

కొంతవరకు పోతుంది. ఒంగోలు, టంగుటూరు, కొండపి వైపు నేల వానకు తడిస్తే చక్రానికి అంటుకుంటూ పోతుంది. టైరు పళ్ల మధ్య మట్టి నిండాక మీకు ఎన్ని చక్రాలకు బలం వెళ్లినా ఒకటే, నాలుగు నున్నటి ముద్దలు తిరుగుతుంటాయి. ముందు రెండు చక్రాలు కూడా లాగడం వల్ల దిగబడటం కాస్త ఆలస్యమవుతుంది, అంతే. దిగబడ్డాక మాత్రం అది ఇంకా లోతుకు పోతుంది, ఎందుకంటే బండి బరువు ఎక్కువ.

అందుకే నల్లరేగడి రైతులకు నేను చెప్పేది ఇది: పెద్ద పళ్లు, పళ్ల మధ్య ఎడం ఎక్కువగా ఉండే మట్టి టైర్లు వేయించండి, ముందు వించి (తాడు చుట్టుకుంటూ బండిని బయటికి లాగే మోటారు) పెట్టించండి, వానకు ముందే కాలువ దాటే చోట్ల గ్రావెల్ పోయించండి. చివరిది అన్నిటికంటే చవక, అన్నిటికంటే పని చేసేది. వించి వాడేటప్పుడు కట్టడానికి చెట్టు కావాలి కదా. పొగాకు చేలో చెట్టెక్కడిది? పొడవాటి తాడు కూడా ర్యాక్ మీద ఉంచుకోండి.

స్పోర్ట్ క్వాడ్ ఈ నేలలో మొదటి వానకే ఆగిపోతుంది. కానీ దిగబడితే ఇద్దరు మనుషులు ఎత్తి పక్కన పెట్టగలరు. ఆ తేలిక కూడా ఒక లెక్కే.

ఇసుకలో ఏది బాగుంటుంది? మైపాడు, కొత్తపట్నం బీచ్‌లో తిప్పాలనుంది.

ఇసుక నేలకు స్పోర్ట్ క్వాడ్ బాగా కుదురుతుంది. తేలిక, వెడల్పు టైర్లు, చేతినిండా బలం. సస్పెన్షన్ కూడా దీనికోసమే పుట్టినట్టుంటుంది. వైఎఫ్‌జెడ్ 450ఆర్ ముందు చక్రాలు దాదాపు పది అంగుళాలు, వెనకవి 11 అంగుళాలు పైకీ కిందకీ ఆడతాయి. ఇసుక మిట్ట మీది నుంచి దూకినా నడుముకు దెబ్బ తెలియదు. పని ఏటీవీ ఇసుకలో ఆగదు గానీ, బరువు వల్ల మెత్తటి చోట నెమ్మదిగా దున్నుకుంటూ పోతుంది. ఇసుకలో కావాల్సింది ఫోర్ వీల్ కంటే తక్కువ గాలి, ఆపకుండా పోయే వేగం.

బీచ్ మీద తిప్పడం మాత్రం వేరే విషయం. జనవరి నుంచి మార్చి దాకా మన తీరం పొడవునా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఇవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. బండి పోయిన గాడి కింద ఇసుక గట్టిపడితే పిల్లలు పైకి రాలేవు. వచ్చిన పిల్లలు కూడా టైరు గాడిలో పడితే నీటి దాకా పోలేక అక్కడే తిరుగుతుంటాయి. ఇసుక దిబ్బలను చదును చేయడం, మార్చడం తీరప్రాంత నియంత్రణ నిబంధనల కిందికి వస్తుంది. ఇవి కాక, బీచ్ అంటే వలలు ఆరబెట్టుకునే జాగా, పిల్లలు ఆడుకునే జాగా. మెరైన్ పోలీసులు, ఊరి పెద్దలు ఎవరు ఆపినా వాళ్లదే న్యాయం.

సొంత సరుగుడు తోట ఉంటే హాయిగా అందులో తిప్పుకోండి. కొట్టేసిన తోటలో మోడులు మిగిలుంటే మాత్రం వద్దు. స్పోర్ట్ క్వాడ్ అడుగు అంత కిందకు ఉంటుంది కాబట్టి మోడు తగిలితే నేరుగా వెనక డిస్కు, స్ప్రాకెట్ దగ్గరే దెబ్బ.

రోడ్డు మీద నడపొచ్చా? పొలం నుంచి ఊళ్లోకి రెండు కిలోమీటర్లే.

రిజిస్ట్రేషన్ లేని బండిని రోడ్డు మీదకు తీసుకురాకూడదు. 1988 మోటారు వాహనాల చట్టం 39వ సెక్షన్ ఈ మాటే చెప్తుంది. రెండు కిలోమీటర్లైనా, రెండు వందల మీటర్లైనా ఒకటే. ఎక్కువ భాగం ఏటీవీలు, స్పోర్ట్ క్వాడ్‌లైతే దాదాపు అన్నీ, రోడ్డుకు ఆమోదం లేకుండానే అమ్ముతారు. పోలారిస్ కంపెనీ స్పోర్ట్స్‌మన్ 570ని ట్రాక్టర్‌గా ఆమోదం తెచ్చుకుని మన దేశంలో అమ్మింది. అలాంటి ఆమోదం ఉన్న మోడల్‌కు రిజిస్ట్రేషన్ చేయించి, నంబర్ ప్లేటు, ఇన్సూరెన్సు, లైసెన్సుతో నడుపుకోవచ్చు. మీరు చూసే బండి ఆ రకమో కాదో అమ్మేవాడి నోటిమాట మీద కాదు, కాగితం మీద చూసుకోండి. «అందరూ తిప్పుతున్నారు, ఏం కాదన్నా» అనే మాటకు ఆక్సిడెంటు రోజున విలువ ఉండదు. ఇన్సూరెన్సు లేకుండా ఎదుటివాడికి దెబ్బ తగిలితే నష్టపరిహారం పొలం కాగితాల దాకా వస్తుంది.

మన వైపు ఇంకో చిక్కు ఉంది. చాలామంది పొలాలు హైవేకి అటూ ఇటూ ఉంటాయి. పదహారో నంబరు జాతీయ రహదారిని అడ్డంగా దాటడం కూడా రోడ్డు మీద నడపడమే. కింద అండర్‌పాస్ ఉన్నా సరే.

బజాజ్ క్యూట్‌కు రిజిస్ట్రేషన్ ఉంది కదా, అది కూడా నాలుగు చక్రాల చిన్న బండే?

అది క్వాడ్రిసైకిల్. పైకప్పు, స్టీరింగు ఉన్న రోడ్డు బండి, దానికి వేరే నిబంధనలున్నాయి. ఏటీవీకి అవి వర్తించవు.

నేను ఇరవై ఏళ్లుగా బుల్లెట్ నడుపుతున్నా. స్పోర్ట్ క్వాడ్ నాకు తేలికే కదా?

గేర్లు తేలికే. మిగతాది కొత్తగా నేర్చుకోవాలి, పైగా బైక్ అలవాటు కొన్నిచోట్ల అడ్డం వస్తుంది. బైక్ ఆగబోతుంటే కాలు కింద పెట్టడం మనకు ఒంట్లో పట్టేసింది. క్వాడ్ మీద కాలు కింద పెడితే వెనక చక్రం ఆ పాదం మీదికి ఎక్కుతుంది. బైక్ మలుపులో లోపలికి వాలుతుంది, క్వాడ్ వాలదు, బయటికి ఒరగబోతుంది, కాబట్టి మీ ఒళ్లే వాలాలి. ఎక్సలేటర్ మణికట్టుతో తిప్పేది కాదు, బొటనవేలితో నొక్కేది. గతుకు తగిలినప్పుడు గట్టిగా పట్టుకోబోయి దాన్నే నొక్కేస్తారు.

ఫోర్ వీల్ డ్రైవ్ ఏటీవీ మీద ఇదే మనిషి అరగంటలో కుదురుకుంటాడు. క్లచ్ లేదు, గేర్లు మార్చే పని లేదు. పనివాళ్లు నలుగురూ నడపాల్సిన బండి అయితే ఇదొక్కటే చాలు, స్పోర్ట్ క్వాడ్ మాట మరిచిపోవడానికి.

ఫోర్ వీల్ ఉంటే బోల్తా పడదంటారు, నిజమేనా?

నిజం కాదు. ఫోర్ వీల్ డ్రైవ్ చక్రాలకు పట్టు ఇస్తుంది, అంతే. బండి ఎత్తు, బరువు ఎక్కువ కావడంతో అడ్డం వాలులో స్పోర్ట్ క్వాడ్ కంటే తొందరగానే ఒరుగుతుంది. బ్రేకు వేసినప్పుడు ఆగే దూరం కూడా ఫోర్ వీల్ వల్ల తగ్గదు. ఎక్కలేని వాలు ఎక్కించడం వరకే దాని సాయం, ఆ తర్వాత దిగడం మీ పని. సగం ఎక్కి ఆగిపోతే హ్యాండిల్ పక్కకు తిప్పొద్దు. బ్రేకు పట్టి, ఎగువ వైపుకే దిగి, బండిని వదిలేయాల్సి వస్తే వదిలేయండి.

ఉదయగిరి కొండ వైపు, వెలిగొండల్లో తిప్పొచ్చా?

రిజర్వు ఫారెస్టులోకి అటవీ శాఖ అనుమతి లేకుండా బండి తీసుకెళ్లకూడదు. పట్టా భూమిలో రాళ్ల గుట్ట ఉంటే ఫోర్ వీల్ డ్రైవ్ లో గేరు, నెమ్మది. చీమకుర్తి వైపు క్వారీల పక్కన మాత్రం ఏ బండీ వద్దు. గ్రానైట్ ముక్క అంచు కత్తిలా ఉంటుంది, టైరు పక్క గోడ చీలిందంటే అతికేది కాదు.

మా వైపంతా చిల్లకంప. టైర్లు నిలుస్తాయా?

అడిగినవాళ్లు తక్కువే గానీ, కనిగిరి, పొదిలి, కలిగిరి వాళ్లు అందరికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. స్పోర్ట్ క్వాడ్ టైరు తేలికగా ఉండాలని పల్చగా చేస్తారు, చాలావరకు రెండు పొరలు. పని ఏటీవీకి నాలుగు, ఆరు పొరల టైర్లు వస్తాయి. రెండు పొరల టైరుతో చిల్లకంప కొట్టిన చేలోకి పోతే వారంలో మొత్తం ప్లగ్గులే. ఆరు పొరలదైనా పక్కగోడలోకి ముల్లు దిగితే అంతే సంగతులు. అన్నీ ట్యూబ్‌లెస్సే కాబట్టి పంచర్ ప్లగ్గుల కిట్టు, చిన్న పంపు సీటు కింద పెట్టుకోండి. లోపల పోసే సీలెంటు ద్రవం వాడే వాళ్లున్నారు. మెల్లగా పోయే పని బండికి అది మంచిదే, వేగంగా పోయే స్పోర్ట్ క్వాడ్‌లో చక్రం అదురుతుంది.

గాలి ఎంత పెట్టాలి?

ఇక్కడ చాలామంది పొరపడతారు. పెట్రోలు బంకు కుర్రాడు అలవాటు కొద్దీ ముప్పై పెట్టేస్తాడు. ఏటీవీ టైరుకు కావాల్సింది అయిదు, ఆరు, మహా అయితే ఏడు పీఎస్‌ఐ. స్పోర్ట్ క్వాడ్‌కు అంతకంటే తక్కువ, నాలుగు దగ్గర కూడా పెడతారు. ముప్పై పెట్టిన టైరు బంతిలా ఎగురుతుంది, రిమ్ము మీద కూర్చునే చోట చీలే ప్రమాదమూ ఉంది. బంకు గేజీలు అంత తక్కువ సరిగా చూపించవు. పది లోపు కొలిచే గేజీ ఒకటి కొనుక్కోండి. ఎడమ కుడి చక్రాల్లో ఒక్క పీఎస్‌ఐ తేడా ఉన్నా బండి పక్కకు లాగుతుంది.

వాగులు దాటుతుందా? గుండ్లకమ్మ, మన్నేరు, పెన్నలో?

పెన్నలో నీళ్లున్నప్పుడు దిగొద్దు. ఇసుక తవ్విన గోతులు పైకి కనిపించవు.

చిన్న వాగుల్లో, నీళ్లు కాలు పెట్టే పలక దాకా రాకపోతే ఫోర్ వీల్ డ్రైవ్ దాటుతుంది. అంతకు మించితే పెద్ద టైర్ల వల్ల బండి తేలడం మొదలై ప్రవాహానికి కొట్టుకుపోతుంది. ఇంకోటి, బెల్టు పెట్టెలోకి నీళ్లు వెళ్తే బెల్టు జారుతుంది, ఇంజిన్ అరుస్తుంటుంది గానీ బండి కదలదు. అప్పుడు అడుగున ఉండే ప్లగ్గు తీసి నీళ్లు పోనిచ్చి, న్యూట్రల్‌లో కాసేపు రేస్ చేస్తే ఆరుతుంది. స్పోర్ట్ క్వాడ్‌కు బెల్టు బెడద లేదు. దాని ఎయిర్ ఫిల్టర్ మాత్రం సీటు కిందే ఉంటుంది, నీళ్లు అందితే ఇంజిన్ లోపలికే.

ఉప్పుగాలికి ఎన్నాళ్లు నిలుస్తుంది?

కడిగితే నిలుస్తుంది. తీరం పక్కన వాడే బండిని వాడిన రోజే మంచినీళ్లతో కడగాలి. దొరువు నీళ్లు ఉప్పగా లేవని నాలుక మీద వేసి చూసుకుని మరీ వాడండి. గుంట నీళ్లతో కడగడం కంటే కడగకపోవడమే నయం. ఉప్పు కొఠార్ల వైపు తిరిగే బండ్ల వైరింగ్ సాకెట్లు ముందు పోతాయి. ప్రతి కనెక్టర్ విప్పి కాస్త గ్రీజు పూయించండి. అది సాకెట్లకు వాడే గ్రీజే కావాలి, బేరింగ్ గ్రీజు పనికిరాదు.

స్పోర్ట్ క్వాడ్‌లో ఉప్పు, ఇసుక కలిసి చైన్‌ను తినేస్తాయి. చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపి మార్చాలి, చైన్ ఒక్కటే మారిస్తే అరిగిన పళ్లు కొత్తదాన్ని కూడా పాడుచేస్తాయి. ఫోర్ వీల్ డ్రైవ్‌లో చైన్ బాధ లేదు గానీ ముందు చక్రాలకు పోయే షాఫ్టుల రబ్బరు బూట్లు ఉంటాయి. కంపకు చినిగితే లోపలికి ఇసుక పోయి కీలు కటకటలాడుతుంది. బూటు ధర తక్కువ, కీలు ధర ఎక్కువ. నెలకోసారి వంగి చూస్తే చాలు. ప్రెషర్ వాషర్‌తో బేరింగుల మీదికి, ఎయిర్ ఫిల్టర్ మీదికి కొట్టొద్దు.

రోహిణి కార్తెలో ఇంజిన్ వేడెక్కుతోంది.

రేడియేటర్ చూడండి. నూటికి తొంభై పాళ్లు బురద ఎండి రేడియేటర్ రెక్కలు మూసుకుపోయి ఉంటాయి. వెనక నుంచి మెల్లగా నీళ్లు పట్టండి. పని ఏటీవీ నిదానంగా బరువు లాగుతుంటే గాలి తగలదు, ఫ్యాను మీదే ఆధారం, కాబట్టి ఫ్యాను తిరుగుతోందో లేదో చూసుకోవాలి. హై గేరులో బరువు లాగితే బెల్టు కూడా మండుతుంది, కాలిన రబ్బరు వాసన వస్తే అదే. స్పోర్ట్ క్వాడ్ వేగంగా పోతేనే చల్లబడుతుంది, నిలబెట్టి ఫొటోలు తీసుకుంటుంటే వేడెక్కుతుంది.

వెనక ఇంకొకరిని ఎక్కించుకోవచ్చా?

వద్దు. సీటు పొడుగ్గా ఉండేది నడిపేవాడు ముందుకీ వెనక్కీ జరగడానికి. ఇద్దరి కోసం చేసిన పొడవాటి మోడళ్లు వేరే ఉన్నాయి, రెండో మనిషికి వీపు ఆనుకునే సీటు, పట్టుకునే పిడులతో.

పిల్లాడికి పుట్టినరోజుకు చిన్న 110 సీసీ చైనా క్వాడ్ కొందామనుకుంటున్నాం.

అమెరికాలో వినియోగదారుల భద్రతా సంస్థ పదహారేళ్ల లోపు వాళ్లు పెద్దల ఏటీవీ ఎక్కొద్దనే చెప్తుంది. ఆ దేశంలో మూడు చక్రాల ఏటీవీల అమ్మకం 1988లో ఆగిపోయింది కూడా బోల్తాల వల్లే. కాబట్టి ఈ విషయంలో నా మాట కటువుగానే ఉంటుంది. పిల్లాడి కాళ్లు ఫుట్‌రెస్టుకు ఆనాలి, వేగం తగ్గించే స్క్రూ బిగించి ఉండాలి, దూరం నుంచి ఇంజిన్ ఆపే తాడో రిమోటో పెద్దవాళ్ల చేతిలో ఉండాలి. గోడ ఉన్న ఖాళీ స్థలంలో, హెల్మెట్ పెట్టి, మీరు పక్కనుండగా అయితే సరే. వీధిలోకి వదిలేటట్టయితే కొనొద్దు. మైనర్ పబ్లిక్ రోడ్డు మీద నడిపి ఏదైనా జరిగితే మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షన్ కింద తండ్రికి మూడేళ్ల దాకా జైలు, పాతిక వేలు జరిమానా పడుతుంది.

బండి విషయానికొస్తే, వీటిలో బ్రేకులు నాసిగా ఉంటాయి. కొన్న రోజే ప్రతి నట్టూ బిగించుకోండి.

సెకండ్ హ్యాండ్ బండి చూస్తున్నాం. ఏం గమనించాలి?

మొదట కాగితాలు. విదేశీ బండి అయితే కస్టమ్స్ కట్టిన కాగితం, కొన్న బిల్లు, వాటి మీది ఛాసిస్ నంబరు బండి మీద చెక్కిన నంబరుతో కలవాలి. కలవకపోతే ఎంత చవకైనా వెనక్కి తిరగండి.

స్పోర్ట్ క్వాడ్ అయితే ముందు చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపండి. ఆడితే బాల్ జాయింట్లు పోయినట్టు. ఫ్రేమ్‌కు ఫుట్‌రెస్టు కలిసే చోట, వెనక స్వింగ్ ఆర్మ్ దగ్గర కొత్త వెల్డింగ్, కొత్త పెయింట్ ఉందేమో వేలితో తడిమి చూడండి. దూకించిన బండి అక్కడే విరుగుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయమనండి. మీరు వెళ్లేసరికే వేడి చేసి ఉంచితే అనుమానించాల్సిందే.

ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు చక్రాలు లేపి, మీట నొక్కి, అవి నిజంగా తిరుగుతున్నాయో చూడాలి. మీట దగ్గర దీపం వెలగడం వేరు, చక్రం తిరగడం వేరు. పోలారిస్‌లో వెనక చక్రాలు జారితేనే ముందువి అందుకుంటాయి, కాబట్టి మెత్తటి ఇసుకలో పెట్టి చూడండి. గేర్ బాక్సు, ముందు డిఫరెన్షియల్ (ముందు చక్రాలకు బలం పంచే గేర్ల పెట్టె) ఆయిలు తీయించండి. పాలలాగా తెల్లగా వస్తే నీళ్లు దిగాయి. మన వైపు సెకండ్ హ్యాండ్ ఏటీవీల్లో ఎక్కువ భాగం గుంటల మీద తిరిగినవే, కాబట్టి ఈ పరీక్ష మానొద్దు. ఎయిర్ ఫిల్టర్ పెట్టె విప్పి లోపల వేలు పెట్టండి. ఫిల్టర్ దాటిన వైపు ఇసుక తగిలితే ఇంజిన్ బోరు అరిగిందని లెక్క.

స్పేర్ పార్టులు, మెకానిక్కులు దొరుకుతారా?

బ్రేకు ప్యాడ్లు, బేరింగులు, చైన్ లాంటివి నంబరు పట్టుకుని వెతికితే బైకులవి, కార్లవి కొన్ని సరిపోతాయి. బెల్టు, షాఫ్టు బూట్లు, ఎలక్ట్రానిక్ పార్టులు మాత్రం కంపెనీవే కావాలి, అవి చెన్నై నుంచో హైదరాబాద్ నుంచో తెప్పించుకోవాలి. బండి కొన్న రోజే ఒక స్పేర్ బెల్టు, రెండు ఎయిర్ ఫిల్టర్లు కొనిపెట్టుకోండి. మెకానిక్ విషయంలో స్పోర్ట్ క్వాడ్‌దే పైచేయి. కావలి, ఒంగోలులో మంచి బుల్లెట్ మెకానిక్ ఎవరైనా దాని ఇంజిన్ విప్పగలడు. ఫోర్ వీల్ డ్రైవ్‌కు స్కూటర్ బెల్టు తెలిసినవాడు ఒకడు, జీపు డిఫరెన్షియల్ తెలిసినవాడు ఒకడు కావాలి.

ఇవన్నీ ఎందుకు, చిన్న ట్రాక్టర్ చాలదా?

చాలామందికి చాలు. దున్నాలి, మందు కొట్టాలి, నీళ్లు తోడాలి అంటే మినీ ట్రాక్టరే కొనండి. సబ్సిడీ పథకాలు ట్రాక్టర్‌కు ఉంటాయి, ఊరూరా మెకానిక్ ఉంటాడు, అమ్మితే డబ్బు వస్తుంది. ఏటీవీ పనికొచ్చేది ట్రాక్టర్ బరువు మోయలేని గట్టు మీద, ట్రాక్టర్ పట్టని నిమ్మచెట్ల సందుల్లో, రోజుకు పది సార్లు ఎక్కి దిగే కాపలా తిరుగుడికి. మీకు ఈ మూడింటిలో ఒకటీ లేకపోతే ఫోర్ వీల్ డ్రైవ్ ఏటీవీ షోకే అవుతుంది. షోకే అయినప్పుడు స్పోర్ట్ క్వాడ్ కొనుక్కోండి, దానితో ఎక్కువ సంతోషం దొరుకుతుంది.

సముద్రం పక్కన స్థలం లీజుకు తీసుకుని గంటకింత అని తిప్పే వ్యాపారం పెడదామనుకుంటున్నాం. ఏ బండ్లు?

చిన్న ఇంజిన్, ఆటోమేటిక్, వెనక చక్రాల డ్రైవ్ ఉన్న సాదా ఏటీవీలు. స్పోర్ట్ క్వాడ్‌లు మొదటిసారి ఎక్కేవాళ్ల చేతికి ఇవ్వడానికి కావు, ఫోర్ వీల్ డ్రైవ్‌లు ఆ పనికి దండగ. వేగం కట్టడి చేసే వీలుండాలి. ట్రాక్ చుట్టూ పాత టైర్లు, ఒకే దిక్కుగా తిరగడం, రెండు బండ్ల మధ్య దూరం, ప్రతి సైజులోనూ గడ్డం పట్టీ ఉన్న హెల్మెట్లు, చెప్పులతో వచ్చినవాళ్లకు ఇవ్వడానికి బూట్లు. చీర, చున్నీ, పంచె కట్టుకున్నవాళ్లను ఎక్కించొద్దు, చైన్‌లోనో చక్రంలోనో చుట్టుకుంటుంది. స్థలం పట్టాదా, తీరప్రాంత నియంత్రణ పరిధిలో ఉందా అన్నది లీజు రాసుకునే ముందే తేల్చుకోండి. బండ్ల అడ్వాన్సు ఆ తర్వాత.

కొనేముందు నడిపి చూడమంటారు. ఎక్కడ, ఎలా చూడాలి?

షోరూం ముందు సిమెంటు రోడ్డు మీద ఏ బండైనా బాగానే ఉంటుంది, దాంతో ఏమీ తెలియదు. వీలైతే మీ నేల మీదికే తెప్పించండి. మీరు రోజూ మోసే బరువు ర్యాక్ మీద పెట్టి, మీ గట్టు మీద, మీరు దాటే కాలువ దగ్గర తిప్పండి. ఎత్తు గట్టు దిగేటప్పుడు బ్రేకు వదిలి, లో గేరులో ఇంజిన్ బండిని ఎంతవరకు ఆపుతుందో చూడండి. సగం దారిలో ఆపి, రివర్స్‌లో వెనక్కి రండి. స్పోర్ట్ క్వాడ్ అయితే పది నిమిషాలు నిలబడి నడపండి, మోకాళ్లు, నడుము ఏమంటున్నాయో వినండి. నలభై దాటినవాళ్లకు అక్కడే జవాబు దొరుకుతుంది. ఇక బండి రోజూ నడపాల్సింది మీరు కాక మీ గుంటల కాపలా మనిషైతే, పరీక్షకు అతన్నే ఎక్కించండి.